ఆటా చదువూ శత్రువులు కావు

2012 లండన్ ఒలింపిక్స్‌లో క్రీడాకారుల దుస్తుల బుట్టలు మోసిన పదహారేళ్ల అమ్మాయి డీనా ఆషర్ స్మిత్. ఆమే 2019లో దోహాలో 200 మీటర్ల పరుగును 21.88 సెకన్లలో ముగించి ప్రపంచ విజేత అయింది. అంతకుముందు 100, 200 మీటర్లలో ఏ బ్రిటిష్ మహిళా ఆ ఘనత సాధించలేదు.

ఆ ఏడేళ్లలో ఏం జరిగిందో మనం గమనించాలి. 2015లో 100 మీటర్లను 11 సెకన్లలోపు పరుగెత్తిన తొలి బ్రిటిష్ మహిళ అయింది. 2017లో పాదం ఎముక విరిగింది. అయినా అదే ఏడాది లండన్ కింగ్స్ కాలేజీలో చరిత్ర డిగ్రీ పూర్తిచేసింది. మరుసటి ఏడాది బెర్లిన్‌లో జరిగిన యూరోపియన్ పోటీల్లో మూడు స్వర్ణాలు గెలిచింది.

గెలుపు స్థిరం కాదు. 2021లో టోక్యోలో తొడ కండరం గాయంతో 200 మీటర్ల నుంచి తప్పుకుంది. 2024 పారిస్‌లో అదే పరుగులో నాలుగో స్థానమే దక్కింది. అయితే రెండుసార్లూ రిలే పతకంతోనే ఇంటికి చేరింది.

పదో తరగతి రాగానే చదువు చెడుతుందని మనం ఆడపిల్లల చేత ఆట మాన్పిస్తాం. కాలికి దెబ్బ తగిలితే పరుగు ఆగవచ్చు, చేతికొచ్చిన డిగ్రీ ఎక్కడికీ పోదు. కాబట్టి ఒకటి మాన్పించడం కాదు, రెండింటికీ వేళ కల్పించడమే పెద్దలుగా మన బాధ్యత.