పార్శీగుట్టకు రాబందు కరువు
గొడ్లకు వేసే సూదిమందే కారణం

బౌద్ధనగర్: సికింద్రాబాదులో బౌద్ధనగర్, వారాసిగూడలను ఆనుకొని పార్శీగుట్ట ఉన్నది. ఈ పేరు గుట్ట మీది పార్శీల శవసంస్కార స్థలం వల్ల వచ్చిందని తెలిసినవారు తక్కువ.

పార్శీలకు నిప్పు, నీరు, మట్టి పవిత్రం. అందుచేత వారి ఆచారం ప్రకారం శవాన్ని కాల్చరాదు, పూడ్చరాదు. పైకప్పు లేని గుండ్రని రాతి కట్టడంలో ఉంచి ఎండకు, రాబందులకు వదులుతారు. దీనినే దఖ్మా అంటారు. నిజాం సర్కారుకే అప్పులిచ్చిన షావుకార్లు విక్కాజీ, పెస్తన్‌జీ సోదరులు ఈ సమాజం వారే. 1847లో సికింద్రాబాదు అగ్ని దేవాలయం కట్టించినదీ వారే. నేడు జంటనగరాల్లో పార్శీలు వెయ్యికి అటూ ఇటూ మాత్రమే. అయినా గుడి, శవసంస్కార స్థలం బాగోగులను సంఘం పెద్దలే ధర్మనిధులతో చూసుకుంటున్నారు. మన ఊళ్ళలో ఎవరైనా పోయిన రోజున గాని శ్మశానంలో ముళ్ళకంప కొట్టరు!

గోడ కూలితే కట్టవచ్చు, కంప పెరిగితే కొట్టించవచ్చు. రాబందును ఎక్కడినుంచి తేవాలి? 1992-2007 మధ్య దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించాయి. కారణం 2004లో బయటపడింది. పశువుల నొప్పులకు, వాపులకు వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగులుతుంది. అది తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. అంటే నగరంలోని గుట్టకు వచ్చిన కష్టానికి మూలం మన కొట్టాల్లోనే ఉన్నదన్న మాట. బొంబాయి పార్శీలు సూర్యరశ్మిని కేంద్రీకరించే అద్దాలు పెట్టుకున్నారు. వానాకాలంలో, మబ్బు పట్టిన రోజున వాటివల్ల ప్రయోజనం తక్కువ.

పశువులకు ఈ మందును 2006లోనే నిషేధించారు. అయితే మనుషులకని అమ్మే పెద్ద సీసాలను కొని గొడ్లకు పొడవడం ఆగలేదు. అందుకే 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా పశువులకు వాడరాదన్నారు. మెలోక్సికామ్ వల్ల రాబందులకు హాని లేదని పరీక్షల్లో తేలింది. సూది వేయించే ముందు మందు పేరు అడిగితే రైతుకు పోయేదేమీ లేదు.

రాబందు పూర్తిగా పోలేదు. ఆసిఫాబాద్ జిల్లాలో పెద్దవాగు ఒడ్డున పాలరాపుగుట్టపై 2013లో వాటి గూళ్ళు కనిపించాయి. వాటికి మేత ఆ చుట్టుపక్కల పల్లెల చచ్చిన గొడ్లే.