పొలంలో జీవామృతం, ఇంట్లో యాసిడ్ సీసానా?

ఈ వీడియోలో పొలం కనిపించదు, మా వంటింటి సింకు కనిపిస్తుంది. "ఈయనేంటి, వ్యవసాయం వదిలేసి ప్లంబింగ్ మొదలుపెట్టాడు" అనుకోకండి. మా సింకు నీళ్లు పోయేది పెరట్లో అరటి పాదుకే. మీలో చాలామంది ఇళ్లల్లో కూడా అంతే కదా. అందుకే ఇది కూడా మన వ్యవసాయంలో విషయమే అంటాను.

రెండేళ్ల కిందట, సింకులో నీళ్లు దిగడం బాగా నెమ్మదించింది. ఆ రోజు ఇంటికి చుట్టాలు వస్తున్నారు. కంగారులో కొట్టుకెళ్లి బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి అర సీసా పోసేశాను. నీళ్లు కాస్త దిగాయి. నాలుగు రోజులకి అరటి ఆకుల అంచులు మాడిపోయాయి. ఎప్పుడు తవ్వినా గుప్పెడు వానపాములు వచ్చే పాదులో ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు. అదే వారం నేను 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల ఆవు పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి వేసి జీవామృతం తిప్పుతున్నాను. మా ఆవిడ ఒకటే మాట అంది: "మందులు కొట్టేవాళ్లకి క్లాసు పీకుతారు కదా, మరి మీరు పోసిందేంటి?" నా దగ్గర సమాధానం లేదు.

పోనీ పని అయిందా అంటే, పది రోజులకి సింకు మళ్లీ నిండింది. వంటింటి పైపులో పేరుకునేది నూనె జిడ్డు. దానికి గంజి, మెతుకులు, గిన్నెలు తోమిన బూడిద అంటుకుని గడ్డ కడుతుంది. యాసిడ్ జిడ్డుని సరిగ్గా కరిగించదు, చాంబరు సిమెంటుని మాత్రం తినేస్తుంది. యాసిడ్‌కి బ్లీచింగ్ పౌడరు తోడైతే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్రూములో అది ప్రాణాలకే ముప్పు.

ఇక మనవాళ్లు చెప్పే నిమ్మరసం, వంటసోడా చిట్కా. నురగ బాగా వస్తుంది, కానీ పులుపూ సోడా ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. గట్టిపడిన జిడ్డు కదలదు. జీవామృతం పోసినా ఒక్క రాత్రిలో గడ్డ కరగదు. సహజం అన్నంత మాత్రాన ప్రతిదీ పనిచేస్తుందని నేను చెప్పను.

పనిచేసేది మన చెయ్యే. సింకు కింద బకెట్ పెట్టి, వంపు తిరిగిన ట్రాప్‌ని చేత్తో తిప్పి ఊడదీయండి. లోపలి మడ్డి తీసి, పాత బ్రష్షుతో కడిగి బిగించండి. చాలా ఇళ్లల్లో అడ్డు అక్కడే ఉంటుంది. బాత్రూములో అయితే జాలీ తీసి, వంచిన తీగతో వెంట్రుకలు లాగండి. అప్పటికీ దిగకపోతే రబ్బరు ప్లంజరుతో పది పదిహేను సార్లు గట్టిగా నొక్కండి. మళ్లీ రాకుండా ఉండాలంటే నూనె గిన్నెని ముందు కాగితంతో తుడవండి, సింకుకి జల్లెడ పెట్టండి, మెతుకులు కంపోస్టు గుంతలో వెయ్యండి.

మరి ప్లంబర్‌ని ఎప్పుడు పిలవాలి? సింకు, బాత్రూము, లెట్రిన్ రెండు మూడు చోట్ల ఒకేసారి నెమ్మదిస్తే అడ్డు మెయిన్ లైన్లో ఉన్నట్టు. ఒకచోట నీళ్లు వదిలితే ఇంకోచోట గుడగుడమన్నా, మురుగు పైకి తన్నినా ఆగొద్దు. శుభ్రం చేసిన వారంలోపే మళ్లీ నిండితే పైపు వాలు తప్పి ఉండొచ్చు, లేదా చెట్టు వేరు అతుకులోకి దూరి ఉండొచ్చు. గోడ చెమ్మగిల్లినా అంతే. ఇవి మన చేతిలో పని కాదు. అప్పుడు ఖర్చుకి వెనకాడితే తర్వాత గచ్చు పగలగొట్టాల్సి వస్తుంది. ముందే యాసిడ్ పోసి ఉంటే వచ్చినవాళ్లకి తప్పకుండా చెప్పండి, అది వాళ్ల కళ్లలో పడుతుంది.

ఇంకొక్క మాట. సెప్టిక్ ట్యాంక్ నిండితే ఏ మనిషినీ అందులోకి దింపొద్దు, మీరూ దిగొద్దు. లోపలి వాయువులకి నిమిషాల్లో ప్రాణం పోతుంది. రక్షణ లేకుండా మనిషిని అలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ట్యాంకర్ మిషన్‌నే పిలవండి.

మా అరటి పాదు కోలుకోవడానికి ఒక వానాకాలం పట్టింది. ఎండాకు కప్పాను, పేడ నీళ్లు పోశాను. ఈ మధ్యే వానపాములు మళ్లీ కనిపించాయి, వీడియో చివర్లో చూడండి. రేపు పొద్దున మీ సింకు నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి వెంబడి నడిచి చూడండి. చూశాక యాసిడ్ సీసా కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.