జాగ మనది.. హక్కు ఎవరిది?

జ్యోతినగర్ కరెంటు పక్క రాష్ట్రాల్లోనూ దీపాలు వెలిగించింది. గోదావరిఖని బొగ్గు ఎన్నో ఫ్యాక్టరీలను నడిపించింది. వీటికి జాగలిచ్చిన పల్లెల్లో మాత్రం పట్టాదారు కూలోడయ్యాడు. ఇప్పుడు పొలాల కిందుగా మూడో సంపద పోతోంది. అదే గ్యాసు!

1999లో మూతపడిన రామగుండం ఎరువుల కర్మాగారం 2021 మార్చిలో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది. కార్మికుల పోరాట ఫలం, సంతోషమే. పాత కర్మాగారం బొగ్గుతో నడిచింది, కొత్తది సహజవాయువుతో నడుస్తోంది. ఆ గ్యాసు మల్లవరం-భోపాల్-భిల్వారా-విజయ్‌పూర్ పైపులైను ద్వారా వస్తోంది. పైపు వచ్చిన దారి పొడవునా ఉన్నవి రైతుల పొలాలే కదా!

పైపు కోసం భూమిని కొనరు. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం కింద వినియోగ హక్కు మాత్రమే తీసుకుంటారు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు, చెరువు తవ్వొద్దు, చెట్టు పెట్టొద్దు. వీటన్నిటికీ పరిహారం మార్కెట్ ధరలో 10 శాతం, అదీ ఒక్కసారే. పంట నష్టం వేరు. ఎకరం 20 లక్షలు పలికే చోట 20 గుంటల పట్టీ పోతే చేతికొచ్చేది లక్ష రూపాయలు. ఆంక్షలు మాత్రం బిడ్డల కాలం దాకా! 2013 భూసేకరణ చట్టంలోని రైతు సమ్మతి నిబంధన కూడా దీనికి వర్తించదు. ప్రమాదం సంగతి సరేసరి. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరంలో గ్యాసు పైపు పేలి 20 మందికి పైగా బుగ్గి అయ్యారు.

అమెరికాలో చాలాచోట్ల భూమి కింది గ్యాసు మీద హక్కు భూయజమానిదే. పెన్సిల్వేనియాలో 2008 ప్రాంతంలో కంపెనీలు లీజుల కోసం ఇల్లిల్లూ తిరిగాయి. అక్కడి భూయజమానులు కూటములు కట్టి, పొలాలన్నీ ఒక్కటిగా పెట్టి బేరమాడారు. ఉత్పత్తిలో ఎనిమిదో వంతుకు తగ్గకుండా రాయల్టీ ఇవ్వాలని 1979 నాటి చట్టమే అక్కడ ఉంది. ఇక్కడ లీజు ఇచ్చేది ప్రభుత్వం, రాయల్టీ పోయేది ప్రభుత్వానికి. రైతుకు బేరమాడే హక్కే లేదు. అందుకే ఇక్కడ ఐక్యత అవసరం మరింత ఎక్కువ.

తమిళనాడును చూడండి. ఏడు జిల్లాల రైతులు ఒక్కటై గెయిల్ పైపును పొలాల్లోకి రానివ్వమంటే, 2013లో అక్కడి ప్రభుత్వం వాళ్ల పక్షాన నిలబడి జాతీయ రహదారి పక్క నుంచి వేసుకొమ్మంది. 2016లో సుప్రీంకోర్టు గెయిల్ వైపే తీర్పు చెప్పింది. చట్టం అలా ఉంది మరి! కానీ మూడేండ్లు ఒక ప్రభుత్వాన్ని తమ వెంట నిలబెట్టుకున్నది ఆ రైతుల ఐక్యతే.

మనకు 2014లో రాష్ట్రం వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినోళ్లం, జాగల సంగతి మరిచిపోదామా? ప్రభుత్వ భూములు, రోడ్ల పక్క జాగలు చూసిన తర్వాతే పొలాల్లోకి రావాలని అడగాలి. ఒక్కసారి ఇచ్చే 10 శాతం కాదు, పైపు ఉన్నన్నాళ్లూ ఏటా కిరాయి కావాలని అడగాలి. 1962 చట్టాన్ని సవరించాలని మన ఎంపీలను నిలదీయాలి.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఈ పనిలో మీ వంతు పెద్దది. గెజిట్ కాగితం ఇంగ్లిషులో, హిందీలో వస్తుంది. అందులో సర్వే నంబర్లుంటాయి. అభ్యంతరం చెప్పడానికి గడువు 21 రోజులే. మీ నాయన ఆ కాగితం చదవలేడు, మీరు చదవగలరు. సెలవు రోజు ఊరికి పోండి. సర్వే నంబర్ల వారీగా రైతులను కూర్చోబెట్టండి. అందరి అభ్యంతరాలూ ఒకే రోజు, రాతపూర్వకంగా, రసీదు తీసుకుని ఇప్పించండి. పరిహారం తక్కువ కడితే జిల్లా జడ్జి దగ్గరికి పోయే దారి ఆ చట్టంలోనే ఉంది. ఆ దారిలో ఒక్కడు పోతే అలిసిపోతాడు, ఊరంతా పోతే లెక్క మారుతుంది.

ఒంటరిగా వేలిముద్ర వేసిన కాలంలో బొగ్గు పోయింది, భూమి పోయింది. ఇకనైనా ఊరంతా కూర్చుని చదివిన తర్వాతే సంతకం!