రెండు భాషల ఇంట తొలి పలుకులు

చిత్తూరు, పలమనేరు ప్రాంతాల్లోని ఎన్నో ముస్లిం ఇళ్ళలో బిడ్డ చెవిన పడే భాష ఒక్కటి కాదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సరిహద్దు ఊళ్ళలో తమిళం. మాట కాస్త ఆలస్యమైతే చాలు, “ఇన్ని భాషలతో తికమకపడుతున్నాడు, ఇంట్లో ఉర్దూ మానేయండి” అనే సలహా వినవస్తుంది. అది సరైనది కాదు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని నిపుణులు ఏనాడో తేల్చారు. తనకు చక్కగా వచ్చిన భాషను వదిలి నానీ రాని తెలుగులో ముక్తసరిగా పలకరిస్తే, బిడ్డకు తగ్గేది సంభాషణే.

పసివాడు “పానీ తాగు” అంటే నవ్వి దిద్దవలసిన పని లేదు. రెండు పదాలను కలపడం వాడికి వచ్చిందన్నమాట! మాటలు లెక్కించేటప్పుడు పానీ, నీళ్ళు రెండూ లెక్కకు వస్తాయి.

పెంపుడు పిట్ట చనిపోయి దిగులుపడిన చిన్నారి అబూ ఉమైర్‌ను దైవప్రవక్త (స) ఆ పిట్ట గురించే పలకరించారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. పసివాడి దుఃఖం కూడా మాట్లాడదగిన విషయమే.

అయితే భాషల నెపంతో అసలు లోపాన్ని ఉపేక్షించరాదు. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్ళకు రెండు పదాలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా, ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. “మగపిల్లలకు మాట ఆలస్యమేలే” అని ఆగకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు ఉచిత పరీక్షలున్నాయి. వెళ్ళేటప్పుడు బిడ్డ పలికే మాటలన్నీ, ఉర్దూవీ తెలుగువీ, ఒక చీటీపై రాసుకుని వెళ్ళండి.