పిల్లే కదా!

"పిల్లే కదా, దానికేంటి, దాని బతుకు అది బతుకుతుంది." సంక్రాంతి దగ్గర పడిందంటే చాలు, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఈ మాట కనీసం నాలుగుసార్లు వింటాను. ఈసారి ఒళ్ళు మండింది. అందుకే రాస్తున్నా.

మేముండేది కొండాపూర్‌లో. జనవరి రెండో వారం వచ్చేసరికి ఇక్కడ, గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో సగం ఫ్లాట్లకి తాళాలే. జనమంతా పంతంగి టోల్ ప్లాజా దగ్గర క్యూలో ఉంటారు. బయల్దేరే ముందు గ్యాస్ కట్టేశామా, గీజర్ ఆపామా అని పదిసార్లు చూసుకుంటాం. మొక్కల కోసం నీళ్ళ సీసాలు తలకిందులుగా గుచ్చి మరీ వెళ్తాం. పిల్లికి మాత్రం రెండు గిన్నెల తిండి, ఒక బకెట్ నీళ్ళు. అంతే, అయిపోయింది.

నేనేమీ శుద్ధపూసని కాదు. పోయినేడాది మేం చేసిందీ అచ్చంగా ఇదే. నాలుగు రోజులు భీమవరం వెళ్ళొచ్చి తలుపు తీస్తే మా జున్నుగాడు గుమ్మం దగ్గరికి రాలేదు. ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతున్నాడు. ఒక్క చుక్క రావడం లేదు. గిన్నెలో తిండి సగానికి పైగా అలాగే ఉంది. ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. మగపిల్లులకి ఇలా మూత్రం అడ్డుపడుతుందట, పట్టించుకోకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందట. "ఎప్పటినుంచి ఇలా ఉన్నాడమ్మా?" అని ఆయన అడిగితే నేనూ, మా ఆయనా, మా అమ్మాయీ ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఎవరికి తెలుసు? ట్యూబు వేసి తీశారు. బతికాడు. ఇంకొక్క రోజు కోడిపందేలు చూసి వద్దామని మా ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తిండి ఎంత పోశామన్నది కాదండీ లెక్క. రోజుకి రెండుసార్లు దాన్ని చూసే మనిషి ఉండాలి. పిల్లి నొప్పి చెప్పుకోదు, దాచుకుంటుంది. మంచం కింద దూరి పడుకుంటుంది. బొద్దుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేసిందంటే లివర్‌కి కొవ్వు పట్టేస్తుంది. సోఫా వైపు తిప్పి పెట్టిన కెమెరాలో ఇవేవీ కనపడవు.

"పనమ్మాయికి చెప్తే పోలా" అంటారు. ఆవిడకి పండగ లేదా? పాలమూరు నుంచి వచ్చి మన గిన్నెలు తోముతున్న మనిషి ఏడాదికోసారి పిల్లల్ని తీసుకుని ఊరెళ్తుంటే, మన పిల్లి కోసం ఆగమంటామా? అదీ ఊరికే! వచ్చేటప్పుడు రెండు అరిసెలు తెచ్చిస్తే సరిపోతుందట. టూర్ ప్యాకేజీకి వేలు కడతాం, ఎయిర్‌పోర్టు పార్కింగ్‌కి కడతాం, ఆవిడ చేతిలో రోజుకి రెండొందలు పెట్టడానికి మాత్రం చేతులు రావు. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళని పెద్దలు ఊరికే అన్లేదు.

పోనీ హాస్టల్ అన్నారు. ఒకచోట చూసొచ్చాను. పక్క గదిలో నాలుగు కుక్కలు ఆగకుండా అరుస్తున్నాయి. కుక్కకి మనిషి తోడుంటే ఏ ఊరైనా సర్దుకుంటుందేమో, పిల్లికి ఇల్లే లోకం. మామూలుగా మా కుక్కర్ విజిలేస్తేనే అటకెక్కే ప్రాణం. దాన్ని అక్కడ వదల్లేకపోయాను. (అన్నట్టు కుక్కల కోసం మా కొండాపూర్‌లో 2018లోనే జీహెచ్ఎంసీ పార్కు కట్టింది. పిల్లులవాళ్ళం ఓటర్లం కామేమో!)

ఇవన్నీ తలనొప్పులనుకుని సెల్లార్‌లో వదిలేసి పోయేవాళ్ళూ ఉన్నారు. ఎలుకలు పట్టుకు తింటుందట! పుట్టినప్పట్నించీ పదో అంతస్తులో సాచెట్ తిండి తిన్న పిల్లికి ఎలుకంటే ఏం తెలుస్తుంది? ఆకలికీ దాహానికీ అల్లాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. దుర్గం చెరువు దగ్గర కాఫీ కూడా రాదు.

ఇంకో సంగతి. ఈ ఏర్పాట్లన్నీ చెయ్యాల్సింది ఎవరు? లీవు పెట్టడం, టికెట్లు బుక్ చెయ్యడంతో మా ఆయన పని అయిపోతుంది. "పిల్లి సంగతి నువ్వు చూసుకో" అనేది నా వాటా. చివరికి ఏదీ కుదరకపోతే "పోనీ నువ్వు ఉండిపో" అని అత్తయ్యగారు. పిల్లిని తెద్దామని గోల చేసింది మాత్రం తండ్రీకూతుళ్ళు.

అందుకే ఈసారి టికెట్ల కంటే ముందే ఆ పని చేశాను. ఆరో అంతస్తులో కోల్‌కతా వాళ్ళున్నారు, వాళ్ళకీ రెండు పిల్లులు. సంక్రాంతికి వాళ్ళు ఎక్కడికీ వెళ్ళరు, దసరాకి వెళ్తారు. మొన్న దసరాకి ఎనిమిది రోజులు ఆ రెండిటికీ పొద్దున్నా సాయంత్రం నేనే పెట్టాను, ట్రేలు కూడా తీశాను. ఇప్పుడు జున్ను బాధ్యత వాళ్ళది. "బయటివాళ్ళకి ఇంటి తాళమా?" అన్నారు మా ఆయన. వాళ్ళు మనకి ఇచ్చారుగా అన్నాను. మాట్లాడలేదు.

గిన్నెలో ఎంత మిగిలింది, ట్రేలో తడి ఉందా లేదా, రెండూ రోజూ ఫోటో తీసి పంపమన్నాను. డాక్టర్ నంబరు ఫ్రిజ్ మీద అంటించాను. ఖర్చుల కోసం కవర్లో డబ్బులు పెట్టాను. బాల్కనీ వలకి మూలన చిరుగు ఉంది, అది కుట్టించాలి. ఇసుక ఇంకా కొనలేదు.