మూలుగ మార్చినా మళ్ళీ వచ్చిందేం?

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై రెండేళ్ళు. రక్త కాన్సర్ అని తేలితే హైదరాబాదులో మందులిప్పించి, ఆ తర్వాత ఎముక మూలుగ మార్పిడి చేయించాం. నాది సగం కలిసిందంటే నేనే ఇచ్చాను. తొమ్మిది నెలలు బాగున్నాడు. ఇప్పుడు మళ్ళీ వచ్చిందంటున్నారు. నా రక్తంలోనే ఏదో దోషముందని ఇంట్లో అనుకుంటున్నారు. వాళ్ళమ్మ తానిస్తానంటోంది. తండ్రిదే పనిచెయ్యనప్పుడు తల్లిది మాత్రం పనిచేస్తుందా అని చుట్టాలు ఆపుతున్నారు. మా ఊరి ఫ్లోరైడు నీళ్ళవల్ల ఇలా అయిందా? - ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: ముందు మీ మనసులోని ముల్లు తీసేద్దాం. మీ రక్తంలో దోషం లేదు. దాతను అన్ని విధాలా పరీక్షించాకే మూలుగ తీసుకుంటారు. ఫ్లోరైడు నీళ్ళు పళ్ళనూ ఎముకలనూ ఎంత పాడుచేస్తాయో మర్రిగూడ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే వాటివల్ల లుకేమియా వస్తుందనడానికి రుజువు లేదు.

ఈ జబ్బు తగ్గినట్లే తగ్గి తిరగబెట్టడం కొత్త సంగతి కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తో, సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు కొందరు పిల్లల్లో లుకేమియాను తగ్గించి 1948లో ప్రకటించాడు. ఆ తగ్గుదల కొద్ది నెలలే నిలిచింది. ఇప్పుడు మందులు పెరిగాయి, మార్పిడి వచ్చింది. అయినా జబ్బు కణం తప్పించుకునే దారులు వెదుక్కుంటూనే ఉంది.

మన ప్రతి కణం పైన కొన్ని గుర్తులుంటాయి. వీటిని హెచ్.ఎల్.ఏ. అంటారు. వీటి జన్యువులు ఆరవ క్రోమోజోము మీద ఉంటాయి. సగం గుర్తులు తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వస్తాయి. మీ తెల్లకణాలు మీ అబ్బాయి ఒంట్లో చేరాక ఏం చేస్తాయి? మీ నుంచి వచ్చిన గుర్తుల్ని చూసి 'ఇది మనదే' అనుకుంటాయి. తల్లి నుంచి వచ్చిన గుర్తులు వాటికి పరాయివి. ఆ గుర్తులున్న లుకేమియా కణాన్ని పట్టి చంపుతాయి. మార్పిడిలో మందులకు తోడుగా పనిచేసేది ఈ వేటే. (ఇదే వేట ఒక్కోసారి చర్మం మీదికీ, పేగుల మీదికీ తిరుగుతుంది. అందుకే అన్నాళ్ళు మందులు వాడించారు.)

కాన్సర్ కణాలు విపరీతంగా చీలుతూ పెరుగుతాయి గదా. అలా చీలేటప్పుడు పొరపాట్లు జరుగుతాయి. ఏదో ఒక కణంలో ఆరవ క్రోమోజోములో తల్లి నుంచి వచ్చిన ముక్క పోయి, దాని చోట తండ్రి ముక్కే రెండోసారి నకలు పడుతుంది. ఇక ఆ కణం మీద ఉన్నవన్నీ మీ గుర్తులే. మీ తెల్లకణాలు దాని పక్క నుంచే వెళ్ళిపోతాయి.

సాగర్ ఎడమ కాలువ కింద వరి కలుపు తీసేవాళ్ళకు ఇది తెలిసిన విషయమే. వేరుగా కనిపించే గడ్డి చేతికి దొరుకుతుంది. వరిలాగే ఉండే ఊద మిగిలిపోతుంది. ఊదకు తెలివుండి కాదు, కన్నుకు ఆనక.

2009లో ఇటలీలోని మిలాన్ వైద్యులు దీన్ని స్పష్టంగా చూపారు. సగం కలిసిన మార్పిడి తర్వాత జబ్బు తిరగబెట్టిన 17 మందిలో 5గురికి సరిగ్గా ఇలాగే జరిగింది. అందరికీ ఇదే కారణమని కాదు. కొందరిలో జన్యువులు చెక్కుచెదరకుండానే ఉంటాయి గాని, కణం ఆ గుర్తుల్లో కొన్నింటిని పైకి చూపించడం మానేస్తుంది. మరికొందరిలో ఇంకేదో కారణం.

కాబట్టి మీ అబ్బాయి విషయంలో ఏది జరిగిందో తేల్చుకోవడం ముఖ్యం. తిరిగి వచ్చిన లుకేమియా కణాల్లో తల్లి వైపు హెచ్.ఎల్.ఏ. పోయిందా ఉందా అని పరీక్ష చేయించారా అని మీ డాక్టరుగారిని అడగండి. ఇందుకు తిరగబెట్టినప్పుడు తీసిన మూలుగ కావాలి. పాత రిపోర్టు చాలదు. మామూలుగా ఇలాంటప్పుడు మొదటి దాత తెల్లకణాలనే మళ్ళీ ఎక్కించి చూస్తారు. గుర్తులు పోయిన చోట దానివల్ల ఉపయోగం తక్కువ, ఒంటికి చేటు మాత్రం ఉంటుంది.

ఇక మీ చుట్టాల మాట. పరీక్షలో తల్లి గుర్తులు పోయాయని తేలితే, వాళ్ళనుకున్నదానికి విషయం పూర్తిగా తలకిందులవుతుంది. ఇప్పుడా కణం మీద మీ గుర్తులే ఉన్నాయి. మీ తెల్లకణాలకు అవి సొంతం. తల్లి తెల్లకణాలకు పరాయివి. మీవి పోల్చుకోలేనిదాన్ని ఆమెవి పోల్చుకోగలవు. రెండోసారి మార్పిడికి డాక్టర్లు దాతను మార్చాలని చూసేది ఇందుకే. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉంటే, మీ వైపు ఆ సగం రానివాళ్ళు పనికొస్తారేమో వాళ్ళూ చూస్తారు. రెండో మార్పిడి తేలికైనది కాదు. అబ్బాయి బలం, జబ్బు అదుపులో ఉన్న తీరు, తల్లి ఆరోగ్యం, ఆమె కణాలను ఎదిరించే పదార్థాలు అబ్బాయి రక్తంలో ఉన్నాయా అన్నది - ఇవన్నీ చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. ఆమెను మాత్రం ఆపకండి. ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకువెళ్ళండి.

ఈలోగా అబ్బాయికి జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్ర వేసి తెల్లారేదాకా చూడకండి. మీకు హైదరాబాదు వంద కిలోమీటర్ల పైన. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ఏది త్వరగా చేరగలిగితే అక్కడికి, రాత్రయినా సరే, మార్పిడి కాగితాలు చేతిలో పట్టుకుని వెళ్ళండి. దారిలోనే మీ హైదరాబాదు డాక్టరుగారికి ఫోను చెయ్యండి.