సున్నం పడిన కన్ను

పాన్‌దాన్ ఉన్న ప్రతి ఇంట్లోనూ సున్నం ఉంటుంది. కిళ్లీ దుకాణాలలో అమ్మే చిన్న ప్యాకెట్లలోనూ ఉండేది అదే. పిల్లలు ఆ ప్యాకెట్టును ఆటవస్తువుగా భావించి గట్టిగా నొక్కితే, అది పగిలి సున్నం నేరుగా కంటిలోకి చిమ్ముతుంది. మన దేశంలో పిల్లల కళ్లకు కలిగే రసాయనిక గాయాలకు ఇదొక ముఖ్య కారణం. ఈ గాయం ఇతర గాయాల వలె ఎందుకు మానదో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలన్న ఉద్దేశంతో ఈ నెల ఈ విషయాన్ని ఎంచుకున్నాము.

నల్లగుడ్డుకు ముందు అద్దంలా ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దాని పైపొరలోని కణాలు నిత్యం రాలిపోతుంటాయి, వాటి స్థానంలో కొత్తవి వస్తుంటాయి. అందుకే గోరు గీసుకున్న చిన్న గాయం సాధారణంగా 2, 3 రోజులలో మానిపోతుంది.

ఈ కొత్త కణాలకు మూలం ఎక్కడుంది? నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట వలయంలాంటి సన్నని అంచు ఉంటుంది. వైద్యులు దానిని లింబస్ అంటారు. మూలకణాలు నివసించేది అక్కడే. తెల్లగుడ్డు మీది పొర కార్నియాపైకి ప్రాకకుండా అడ్డుకునేదీ ఆ అంచే. సున్నం క్షారం కనుక లోతుగా చొచ్చుకుపోయి ఆ మూలకణాలనే నశింపజేస్తుంది. అప్పుడు పుండు మానదు. రక్తనాళాలతో కూడిన పొర కార్నియాను కప్పివేసి చూపును హరిస్తుంది. అటువంటి కంటికి దాత కార్నియాను మాత్రమే అమర్చినా సాధారణంగా నిలవదు.

1997లో ఇటలీ శాస్త్రవేత్తలు రోగి రెండవ కంటి నుండి తీసిన మూలకణాలను ప్రయోగశాలలో పెంచి అమర్చిన ఫలితాలను ప్రకటించారు. అది ఖర్చుతో కూడిన పని. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు ప్రయోగశాలతో పనిలేని పద్ధతిని రూపొందించి 2012లో వెల్లడించారు. బాగున్న కంటి అంచు నుండి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్కను తీసి, దానిని 8 నుండి 10 తునకలు చేస్తారు. గాయపడిన కార్నియాపై ఉమ్మనీటి సంచి పొరను పరచి, దాని మీద ఈ తునకలను ప్రత్యేకమైన జిగురుతో అతికిస్తారు. వాటి నుండి కణాలు విస్తరించి కొత్త పైపొర ఏర్పడుతుంది.

అయితే రెండు కళ్లూ కాలిపోతే తీసుకోవడానికి సొంత కణాలు ఉండవు. ఇతరుల కణాలను అమర్చి, శరీరం వాటిని తిరస్కరించకుండా దీర్ఘకాలం మందులు వాడవలసి వస్తుంది.

కాబట్టి తొలి నిమిషాలే కీలకం. కంటిలో సున్నం పడగానే రుద్దకుండా, రెప్పలు తెరచి పట్టుకొని, శుభ్రమైన నీటి ధారతో కనీసం 30 నిమిషాలు కడగాలి. రెప్పల లోపల చిక్కుకున్న సున్నపు రేణువులు కూడా పోవాలి. గులాబ్‌జల్, తేనె, సుర్మా వంటివి వేస్తూ కాలం వృథా చేయరాదు. కడిగిన వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పాన్‌దాన్‌ను, సున్నం ప్యాకెట్లను ఈ రోజే పిల్లలకు అందని ఎత్తులో ఉంచవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాము.